అట్ట మీద గుచ్చిన బోల్టులు

కాకినాడ,
3 ఫిబ్రవరి 2025.

బేబి వదినగారికి,

మీ తమ్ముడు మాట్లాడకుండా కూర్చుంటే అది కోపమో, ఆలోచనో, ఊరికే కూర్చోవడమో మీకు చిన్నప్పుడు ఎలా తెలిసేదండీ? పెళ్లయిన ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ ప్రశ్న నాలో ఉంది. ఎవరిని అడగాలో తెలియక ఊరుకున్నాను. మీకు ఫోనులో మాట వినపడటం తగ్గి మన మధ్య ఉత్తరాలు మొదలయ్యాక, నోటితో అడగలేనివి కాగితం మీద అడగొచ్చని తోచింది.

అడగడానికి కారణం కారు. నవంబరు వానలకు మా వీధిలో నీళ్లు రెండు రోజులు నిలిచాయని రాశాను కదా. మామయ్యగారి మారుతి బానెట్ దాకా మునిగింది. షెడ్డతను వచ్చి చూసి "ఇంజన్ పట్టేసిందండి, పాత ఇనుము కింద ఇచ్చేయండి" అన్నాడు. ఈయన రెండు నెలలు ఆ మాటే ఎత్తలేదు. మొన్న శనివారం పొద్దున్నే పాత లుంగీ ఒకటి కట్టుకుని, పోర్టికోలో కారు బానెట్ ఊడదీసి గోడకు ఆనించారు. ఏంటండీ ఇది అంటే, "ఇంజన్ దింపుతున్నా" అన్నారు, పాలు కాస్తున్నా అన్నంత మామూలుగా.

సామ్యేలుగారు మీకు తెలుసు, చేపల రేవులో క్రేన్ నడిపి రిటైరైన ఈయన స్నేహితుడు. ఆయన గొలుసు కప్పీ తెచ్చి, ఉయ్యాల కోసం శ్లాబుకి పెట్టించిన కొక్కేనికి తగిలించారు. శ్లాబు ఊడి పడుతుందేమోనండీ అన్నాను.

"మీరు ఉయ్యాలెక్కినప్పుడు ఊడలేదు కదండీ మేడంగారు. ఇది మీకంటే ఓ పది కేజీలే ఎక్కువండి, ఆయ్."

మీ తమ్ముడు నవ్వు కనపడకుండా కారు కిందికి దూరారు.

నేను చూస్తూ ఉండిపోయింది మాత్రం ఆయన పద్ధతిని. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె కోసి, దాని మీద ఇంజన్ బొమ్మ గీశారు. ఒక్కో బోల్టు విప్పడం, అది ఇంజన్‌కి ఎక్కడ ఉందో బొమ్మ మీద సరిగ్గా అక్కడే గుచ్చడం. పోయినేడు మానేసేదాకా ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు ఇలాగే చేశారట. "బుర్రలో ఏమీ పెట్టుకోనక్కర్లేదు తబితా. అంతా అట్టే గుర్తుపెట్టుకుంటుంది" అన్నారు. ఆ రోజు ఆయన మాట్లాడిన అతి పెద్ద మాట అదే. సాయంత్రానికి ఇంజన్ గొలుసుకి వేలాడింది, కారు ముందు భాగం పన్ను పీకిన చిగురులా ఉంది. ఈయన ఆ ఖాళీని చూస్తూ మెట్ల మీద కూర్చున్నారు. కాఫీ ఇచ్చాను, తాగారు. ఇంకేమీ లేదు. అందుకే అడుగుతున్నాను.

జవాబు కాలేజీ అడ్రసుకి రాయండి. ఇంటికి రాస్తే ముందు ఆయనే చదివేస్తారు.

మీ మరదలు,
తబిత

*

మొగల్తూరు,
12 ఫిబ్రవరి 2025.

తబితమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పాల్‌గాడికి కోపమొస్తే అన్నం మామూలుకంటే ఎక్కువ తింటాడు. ఆలోచిస్తుంటే బొటనవేలి గోరు కొరుకుతాడు. ఊరికే కూర్చోవడం వాడికి రాదు. ఇరవై ఏళ్లలో నీకిది తెలియలేదంటే వడ్డించేటప్పుడు నువ్వు పుస్తకంలో తల పెట్టుకుని ఉన్నావన్నమాట. తప్పుగా అనుకోకు, టీచరమ్మ నోరు, రిటైరైనా ఆగదు.

నువ్వు రాయనిది ఒకటి అడుగుతాను. ఇంజన్ దింపారంటే విడి భాగాలుగా అమ్మడానికేనండీ అని మా పక్కింటి ఆంజనేయులు మాష్టారు అంటున్నారు. అమ్మేటట్టయితే నాకు ముందు చెప్పండి. ఆఖరి రెండేళ్లూ నాన్నగారు కుదురుగా ఉన్నది ఆ కారులోనే. ముందు సీట్లో కూర్చోబెట్టి నరసాపురం రేవు దాకా తిప్పుకొస్తే ఆ పూటకి మనుషుల్ని గుర్తుపట్టేవారు. నీకు అది పాత కారు. మాకు కాదు.

ఇంకొకటి. వచ్చే నెల చర్చి స్త్రీల సమాజం కూడిక మీ ఇంట్లోనే అని ఇదివరకటి ఉత్తరంలో రాశావు. పోర్టికో అంతా గ్రీజు చేసి పెట్టుకుని మనుషుల్ని పిలవకు. పాస్టరమ్మగారి చీర అంచుకి నూనె అంటిందంటే ఆ ముక్క మొగల్తూరు దాకా వస్తుంది. మగాళ్ల సామానుకి జాలి చూపిస్తే ఇల్లు షెడ్డవుతుంది.

నా మోకాళ్లు అలాగే ఉన్నాయి. ఉప్పాడలో నేయించుకున్న చీర వచ్చింది, రంగు నేను చెప్పింది కాదు.

నీ కోసం ప్రార్థించే
వదిన

*

కాకినాడ,
18 మార్చి 2025.

వదినగారికి,

కారు అమ్మడం లేదండీ. అమ్ముదామని నేనెప్పుడూ అనలేదు, మనసులో కూడా. ఆ మాట నా మీద ఎలా పడిందో తెలియక నెల రోజులు జవాబు రాయలేకపోయాను.

సమాజం కూడిక బాగా జరిగింది. పోర్టికో కడిగించాను. ఎవరి చీరకీ ఏమీ అంటలేదు.

చెప్పాల్సింది వేరే ఉంది. లోపలి పని ఏదో రాజమండ్రిలో లేతు మిషను మీద చేయించుకొచ్చారు. మొన్న ఆదివారం ఆరాధన నుంచి రాగానే ఇంజన్ ఎక్కించడం మొదలుపెట్టారు. సామ్యేలుగారు గొలుసు దగ్గర, నేను టార్చి పట్టుకుని పక్కన. అట్ట మీద నుంచి బోల్టు తీయడం, బిగించడం. ఇంజన్‌ని గేర్‌బాక్సుతో కలిపే బోల్టుల్లో ఒకటి సగంలోనే బిగిసిపోయింది. "పూర్తిగా దిగలేదేంటిరా ఇది" అన్నారు సామ్యేలుగారు. "దీని చోటు ఇదే. అట్ట అబద్ధం చెప్పదు" అని ఈయన స్పానర్‌కి ఇంకో పట్టు పట్టారు. టక్కుమని శబ్దం. బోల్టు ఎక్కే చెవిలాంటి భాగం ఇంజన్ నుంచి విరిగి కింద పడింది. అది పొట్టి బోల్టు చోటట. పొడుగుది పెట్టి బిగించేసరికి అడుగు తగిలి విరిగిందట.

ఆయన ఆ ముక్కని విరిగిన చోట పెట్టి చూశారు. తర్వాత అట్ట దగ్గరికెళ్లి, ఒక్కో బోల్టూ తీసి కొలిచి చూశారు. సగానికి పైగా చోట్లు మారి ఉన్నాయి.

"ఇవన్నీ నేనే గుచ్చానా తబితా?" అని అడిగారు.

ఆ రోజు నుంచి గ్యాస్ కట్టేశానో లేదో అని మూడుసార్లు లేచి చూస్తున్నారు. గేటు గొళ్లెం వేసి, వచ్చి కూర్చుని, మళ్లీ వెళ్తున్నారు. యాభై ఆరేళ్ల మనిషికి ఒక్క బోల్టు ఇంత చేస్తుందా అనిపిస్తోంది. ధైర్యం చెప్పే మాట ఒకటి రాయండి. నా మాటకి లేని బరువు మీ మాటకి ఉంది.

తబిత

*

మొగల్తూరు,
27 మార్చి 2025.

తబితా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. పొయ్యి మీద ఏముందో కూడా చూసుకోలేదు.

నాన్నగారికి ఇలాగే మొదలైంది. బడి హెడ్‌మాస్టరు, రాజరత్నం మాష్టారి టైంటేబుల్ అంటే తాలూకా అంతా పేరు. ఒక ఏడాది టైంటేబుల్‌లో ఒకే పీరియడ్‌కి ఒకే మాష్టారిని రెండు తరగతులకి వేశారు. నవ్వుకున్నాం. తర్వాత ఏడాది మమ్మల్ని మర్చిపోయారు. అప్పుడాయనకి యాభై ఎనిమిది. నువ్వు అప్పటికింకా మా ఇంటికి రాలేదు, ఇదంతా చూడలేదు.

మేం ఏం చేసేవాళ్లమో చెప్తాను, నీకు పనికొస్తుంది. ఆయన ఏది మర్చిపోయినా ఆ తప్పు మా మీద వేసుకునేవాళ్లం. "కళ్లజోడు నేనే తీశాను నాన్నా", "తలుపు నేనే వదిలేశాను నాన్నా" అని. పాల్‌గాడు అందరికంటే బాగా చెప్పేవాడు, ఎలా తీశాడో, ఎందుకు తీశాడో కథ కూడా అల్లేవాడు. నాన్నగారు వాణ్ణి నాలుగు తిట్టి, హాయిగా నిద్రపోయేవారు. నువ్వూ అలా అలవాటు చేసుకో. మొగుడి తప్పు నెత్తిన వేసుకుంటే నీ డిగ్రీలు అరిగిపోవు.

ధైర్యం చెప్పమన్నావు. వాడికి వేరే రాశాను, ఇంటి అడ్రసుకే. దాచకుండా రాశాను. నాన్నగారి విషయం మనకి ఆలస్యంగా తెలిసింది, నువ్వయినా ముందే డాక్టరుకి చూపించుకోరా అన్నాను. స్టీరింగు పట్టుకోవద్దన్నాను.

వదిన

*

కాకినాడ,
8 ఏప్రిల్ 2025.

వదినగారికి,

మీరు ఆయనకి రాసిన ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఉన్నారు. కారు తాళాలు, స్కూటరు తాళాలు, బీరువా తాళం భోజనాల బల్ల మీద వరసగా పెట్టారు. "ఇవి ఇక నీ దగ్గరుంచు. అక్క చెప్పింది నిజమే" అన్నారు. సోమవారం సెలవు పెట్టించి నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను తీసుకెళ్లలేదు వదినగారూ. ఆయనే తీసుకెళ్లారు.

మీ మీద కోపంతో ఈ ఉత్తరం మొదలుపెట్టి రెండు కాగితాలు చింపాను. నా వల్ల జరిగినదానికి మీ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. ఇప్పుడు రాసేది మీకు పోయిన నెలలోనే రాయాల్సింది.

ఆ బోల్టులు ఆయన తప్పు గుచ్చలేదు. నేను గుచ్చాను.

ఆయన రాజమండ్రి వెళ్లిన రెండో రోజు సమాజం కూడిక. పొద్దున్న మరిడమ్మ పోర్టికో కడగడానికొచ్చింది. "ఈ ఇనుప సామాను ఏం చెయ్యమంటారండి అమ్మగారు?" అంది. నేను లోపల కుర్చీలు లెక్కపెట్టుకుంటున్నాను. మీరు పాస్టరమ్మగారి చీర గురించి రాసింది చెవిలో ఉంది. "ఏదో ఒకటి చెయ్యి, కనపడకుండా తీసెయ్యి" అన్నాను. అది అట్ట ఎత్తి బోల్టులన్నీ బకెట్లో దులిపింది. నేను బయటికొచ్చేసరికి అట్ట మీద చిల్లులే ఉన్నాయి.

అప్పుడైనా ఫోను చేసి చెప్పి ఉంటే సరిపోయేది. ఆయన ఏమనేవారు? ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడానికే భయపడ్డాను. కూడికకి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక అట్ట ముందు కూర్చుని, చిల్లు ఎంతుందో, బోల్టు ఎంత లావుందో చూసుకుని ఒక్కోటీ గుచ్చాను. లావులో అన్నీ ఒకటే. తేడా అంతా పొడుగులో ఉందని నాకు తెలియదు. అన్నీ చక్కగా పట్టాయి. పూర్తయ్యాక దూరంగా జరిగి చూస్తే ముందున్నట్టే ఉంది. నాకు కొంచెం గర్వం కూడా కలిగింది, నిజం చెబుతున్నాను.

ఇంకా ఘోరం ఇది. ఆదివారం ఆ బోల్టు దిగలేదని సామ్యేలుగారు అన్నప్పుడు, టార్చి నా చేతిలోనే ఉంది. ఆయన ఇంకో పట్టు పట్టబోతున్నారు. ఆగండి అని ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఒకవేళ అది సరైనదేనేమో, ఒకవేళ నేను గుచ్చినవన్నీ సరైనవేనేమో, అనవసరంగా బయటపడతానేమో అనుకున్నాను. ఆ అనుకోవడానికి పట్టిన కాలంలో విరిగిపోయింది.

"ఇవన్నీ నేనే గుచ్చానా" అని అడిగినప్పుడు కూడా చెప్పలేదు. గ్యాస్ మూడుసార్లు చూసినప్పుడు చెప్పలేదు. మీకు కూడా సగమే రాశాను. ఆ సగం చదివి మీరు భయపడ్డారు, మీ భయం చదివి ఆయన నమ్మారు.

డాక్టరు ఆయనకి అయిదు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమని, పావుగంట తర్వాత అడిగాడు. మూడు చెప్పారు. గడియారం బొమ్మ వేయమంటే వేశారు, ముళ్లు వేయడానికి చాలాసేపు పట్టింది. "భయం వల్ల కూడా ఇలా ఉండొచ్చు. మొదలు కూడా కావొచ్చు. ఆరు నెలలాగి మళ్లీ చూద్దాం" అన్నాడు. బయట వరండాలో నేను వేసుకున్నాను ఆ గడియారం, పర్సులో ఉన్న బిల్లు వెనక. నాకూ టైము పట్టింది.

ఎలా చెప్పాలో చెప్పండి.

తబిత

*

మొగల్తూరు,
16 ఏప్రిల్ 2025.

తబితా,

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధమవుతుంది. నీ ఉత్తరం అందినప్పటి నుంచి ఉంది. నీ మీద కొంత, నా మీద కొంత. పాస్టరమ్మగారి చీర గురించి రాసిన చేయి నాదే. అసలు ఆవిడ ఆ రోజు వచ్చారా అని కూడా నువ్వు రాయలేదు.

ఎలా చెప్పాలని అడగడానికి ఏముంది? నోరు తెరిచి చెప్పు. ఈ ఉత్తరం అందిన రోజే చెప్పు. అన్నం ముందు కాదు, తిన్నాక.

వాడు నీ మాట కాదంటాడని కాదు కానీ, నా వంతుగా నేనూ రాశాను. "నీకేం లేదురా, బోల్టులు తబిత గుచ్చింది, మరిడమ్మ దులిపింది, నేను తొందరపడ్డాను" అని ఉన్నదున్నట్టు రాశాను. ఇంతటితో అయిపోవాలి ఇది. అయిపోయాక ఒక ముక్క రాయి, అప్పటిదాకా నాకు ముద్ద దిగదు.

వదిన

*

కాకినాడ,
5 జూన్ 2025.

వదినగారికి,

ఒక ముక్క రాయడానికి ఏడు వారాలు పట్టింది. మిమ్మల్ని అన్నం తిననివ్వకుండా ఇన్నాళ్లు ఉంచినందుకు క్షమించండి. పాస్టరమ్మగారు ఆ రోజు రాలేదు. జ్వరమట.

మీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. భోజనమయ్యాక, మీరన్నట్టే. ఆయన మామిడిపండు కోస్తున్నారు. నేను వరసగా చెప్పాను, బకెట్టు, చిల్లులు, టార్చి, అన్నీ. చెప్తున్నంతసేపూ ఆయన చాకు ఆగలేదు. అయిపోయాక ముక్కలు నా వైపు జరిపి, "అక్క నేర్పిందా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"దాని ఉత్తరం నిన్ననే వచ్చింది. అందులోనూ ఇదే ఉంది. ఇద్దరూ ఒకే మాట మీదున్నారు, మంచిదే. కానీ తబితా, ఈ కథలు నాన్నకి చెప్పినవాణ్ణి నేను. బకెట్టు, చిల్లులు, ఇలాంటి వివరాలు పెడితేనే నమ్ముతారని మా ఇంట్లో కనిపెట్టింది కూడా నేనే."

మరిడమ్మని పిలిచాను. అది చెంగు దోపుకుని వచ్చి నిలబడింది. "నిజమేనండి అయ్యగారు, బకెట్లో దులిపింది నేనేనండి. అమ్మగారు తీసెయ్యమన్నారండి" అంది.

"నీకు కూడా పని పెట్టారా పాపం" అన్నారాయన. మరిడమ్మ నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. ఇద్దరం చెప్పింది నిజం, ఇద్దరం దొంగల్లా నిలబడ్డాం.

మర్నాడు అట్ట తెచ్చాను. ఆయన ముందే బోల్టులన్నీ ఊడదీసి, ఆ రోజు ఎలా గుచ్చానో అలాగే మళ్లీ గుచ్చి చూపించాను. తప్పులు అవే చోట్ల పడ్డాయి. ఇరవై ఏళ్లుగా చరిత్ర పాఠం చెబుతున్నాను, ఆధారం అంటే ఏంటో పిల్లలకి చెబుతున్నాను, ఇంతకంటే ఆధారం నాకు తెలియదు. ఆయన నా తల మీద చేయి వేసి, "నేను పెట్టింది చూసి బాగా నేర్చుకున్నావు. నాన్న నన్ను తిట్టి పడుకునేవాడు, నాకు నిన్ను తిట్టడం చేతకాదు. ఇక వద్దులే" అన్నారు.

సామ్యేలుగారికి కూడా చెప్పాను. ఆయన నమ్మారు. ఈయనకి చెప్పి చూశారు కూడా. ఈయన దానికీ నవ్వి, "నీకేం ఇచ్చారురా వీళ్లు, పులసా?" అన్నారట.

విరిగిన చెవి సామ్యేలుగారే తీసుకెళ్లి అతికించి తెచ్చారు. "రెండు గంటల పనండి మేడంగారు. మీరు ఊ అనండి, ఎక్కించేస్తాను" అంటున్నారు. ఇంజన్ పోర్టికోలో గోనెపట్టా కింద ఉంది. ఈయన దాని పక్క నుంచే నడుస్తారు, ముట్టుకోరు. సామ్యేలుగారు ఎక్కించి, కారు కదిలితే ఆయన ఏమనుకుంటారు? తను లేకుండా అయిపోయిందని అనుకుంటారేమో. కదలకపోతే తన వల్లే అనుకుంటారు. అందుకని ఊ అనలేదు, వద్దనీ అనలేదు.

పోయిన వారం బజారుకి వెళ్లి సగం దారిలోంచి వెనక్కి వచ్చారు, దేనికి వెళ్లానని. కరివేపాకుకి. నేను కూడా అలా వస్తుంటాను, ఎవరూ రాసిపెట్టుకోరు. ఆదివారం పాటల పుస్తకంలో నంబరు రెండుసార్లు అడిగారు. ఇప్పుడు నేను అన్నీ చూస్తున్నాను, ప్రతిదీ ఆ అయిదు మాటల్లో మిగిలిన రెండింటిలా కనపడుతోంది. ఇది ముందే ఉండి నేను గమనించలేదా, నేను మొదలుపెట్టానా, లేక ఏమీ లేనిదాన్ని ముగ్గురం కలిసి తయారుచేశామా, అక్టోబరులో డాక్టరు చెప్పినా తేలుతుందని నాకు నమ్మకం లేదు.

మీకు చెప్పకూడని మాట ఒకటి ఉంది, చెప్తాను. ఈ నెల రోజుల్లో ఆయన నాతో మాట్లాడినంత ఈ ఇరవై ఒక్క ఏళ్లలో మాట్లాడలేదు. మర్చిపోకముందే చెప్పేయాలని సాయంత్రాలు కూర్చోబెట్టి చెబుతున్నారు. మొగల్తూరు బళ్లో మీరు ఆయన్ని బెంచీ ఎక్కించింది, ఫ్యాక్టరీలో మొదటిరోజు, మామయ్యగారు ఆఖరి రోజున కారులో అడిగిన మాట, పెళ్లిచూపుల్లో నేను వేసుకున్న చెప్పుల రంగు. నేను వింటున్నాను. వింటూ, ఆ బకెట్టు సంగతి ఇంకోసారి ఎత్తితే ఇది ఆగిపోతుందేమో అనుకుంటున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను చూసుకోలేకపోతున్నాను.

ఆయన కుదురుగా ఉన్నారు. అబద్ధాన్ని నమ్మి కుదురుగా ఉన్నారు. ఆ అబద్ధం నాది. దాన్ని మళ్లీ మళ్లీ చెప్పి పీకాలా, ఉన్నచోట ఉంచాలా, సామ్యేలుగారికి ఊ అనాలా వద్దా, ఈ ఉత్తరం రాస్తే తెలుస్తుందేమోనని పొద్దుటి నుంచి రాశాను. తెలియలేదు. మీరు ఇదీ అని చెబితే చేస్తానని కూడా రాయలేను, చేస్తానో లేదో నాకే తెలియదు కాబట్టి.

తబిత